కాలువలు కట్టేసిన నెలలో తీసిన మట్టి

సివిల్ ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను ఒకటే అడుగుతారు. "ఏలూరులో షాపింగ్ మాల్ కట్టారటగా అండీ, ఎలా ఉండేదండీ ఆ పని?" అని. నేను ముప్పై నాలుగేళ్లు సైట్ ఇంజనీరుగా పనిచేశాను. అందులో ఆ మాల్ కట్టింది మూడేళ్లు. మిగిలిన కాలం దాదాపు అంతా కల్వర్టులు, కాలువ గట్ల గోడలు, ధాన్యం గోడౌన్లు కట్టాను. వాటి గురించి ఎవరూ అడగరు. కల్వర్టు సరిగా ఉంటే దాని మీదుగా వెళ్లేవాళ్లకు అది ఉన్నట్టే తెలియదు. మాల్ అలా కాదు. సరిగా ఉన్నా లేకపోయినా అందరికీ కనపడుతుంది.

అడిగినప్పుడల్లా నేను ఎస్కలేటరు కథ చెప్పి పంపించేస్తూ వచ్చాను. ప్రారంభోత్సవం రోజున కొందరు పెద్దవాళ్లు చెప్పులు కింద విడిచి, దండం పెట్టుకుని ఎస్కలేటరు ఎక్కారు. పైకి వెళ్లాక అది కిందకి రాదని తెలిసి, వట్టికాళ్లతో మూడంతస్తులూ తిరిగారు. ఆ కథ నిజమే, అందరూ నవ్వుతారు కూడా. కానీ ఆ భవనం గురించి నేను చెప్పాల్సిన కథ అది కాదు. చెప్పాల్సినదాన్ని దాటేయడానికి అది చాలా ఏళ్లు పనికొచ్చింది. ఈసారి దాటేయను.

మా యజమాని గారిది ఆకివీడులో చేపల మేత వ్యాపారం. ఏలూరులో కాలువ పక్కన తండ్రి నాటి బియ్యం మిల్లు ఒకటి మూతపడి ఉండేది. మేత ఎక్కువ అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్లు బ్యాంకాక్ తీసుకెళ్లారు. బ్యాంకాక్ వెళ్లొచ్చిన డీలర్లు అక్కడ ఏం చూశారో ఇంట్లో పెద్దగా చెప్పరు. మా యజమాని గారు మాత్రం ఇంట్లో చెప్పుకోదగినది ఒకటి చూసి వచ్చారు. అది ఏడంతస్తుల షాపింగ్ మాల్. తిరిగొచ్చిన వారంలోనే మిల్లు యంత్రాలు పాత ఇనుముకు వేసేశారు.

హైదరాబాదు నుంచి ఆర్కిటెక్టు వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయి. మంచి మనిషి, చదువుకున్న మనిషి, ఎండలో కూడా కోటు వేసుకునే మనిషి. మిల్లు ఆఫీసు గోడకు తెల్ల పంచె కట్టించి, దాని మీద ప్రపంచాన్ని చూపించారు. దుబాయి, సింగపూరు, కెనడా వరసగా వచ్చి వెళ్లాయి. ప్రతి బొమ్మకూ ఆయన ఒకటే మాట అన్నారు, ప్రపంచమంతా ఇప్పుడు ఇదే ట్రెండు అని. ఈ చివరొక పెద్ద దుకాణం, ఆ చివరొక పెద్ద దుకాణం పెట్టాలట. జనం ఇందులోంచి అందులోకి నడిచే దారిలో చిన్న దుకాణాలన్నీ చూస్తారట. తిండి పై అంతస్తులో పెట్టాలట, ఆకలేసినవాడు అన్ని అంతస్తులూ దాటుకుని రావాలి కాబట్టి. గోడ గడియారాలు ఉండకూడదట. కిటికీలు అసలే ఉండకూడదట. లోపలికొచ్చినవాడికి పొద్దు వాలిందని తెలిస్తే ఇంటికి పోతాడు. వింటున్నంతసేపూ నాకు చేపల చెరువులకు కట్టే వలలు గుర్తొచ్చాయి. యజమాని గారికీ అవే గుర్తొచ్చినట్టున్నాయి, కాకపోతే ఆయన సంతోషించారు.

నాకు చదివే అలవాటు ఉంది. సైటు మీద ఇది మంచి అలవాటు కింద లెక్కకు రాదు. విజయవాడ పాత పుస్తకాల దుకాణంలో విదేశీ కట్టడాల పత్రికలు నాలుగు దొరికితే తెచ్చి చదివాను. ఈ కిటికీల్లేని పెట్టెల్ని వాళ్లు మొదట కట్టింది మంచు పడే ఊళ్లలోనట. చలికాలంలో బజారుకు పోలేక, బజారునే గదిలో పెట్టి తలుపు వేసుకున్నారు. ఏలూరులో మంచు ఎప్పుడు పడిందో నాకు గుర్తులేదు. అంతకంటే విచిత్రం ఇంకొకటి కనిపించింది. మేం పెట్టె కట్టడం మొదలుపెట్టే నాటికే అక్కడివాళ్లు పెట్టెలతో విసిగిపోయి, పైకప్పు లేని వీధులు, వీధికి రెండు పక్కలా కొట్లు, మధ్యలో కూర్చోవడానికి బల్లలు, పాతకాలం దీపాలు పెట్టి కొత్త రకం షాపింగ్ సెంటర్లు కడుతున్నారు. మన పాత బజారుకు వాళ్లు అప్పుడే చేరుకుంటున్నారన్నమాట. దారిలో మేం వాళ్లకు ఎదురుపడ్డాం.

ఈ మాట మీటింగులో అనలేదు. అన్నది ఇంకొకటి. ప్లానులో బళ్లు పెట్టుకోవడానికి భూమి కింద పన్నెండు అడుగుల లోతున సెల్లార్ ఉంది. పక్కనే ధాన్యం ఎండబోసే కళ్లం మూడెకరాలు ఖాళీగా పడి ఉంది. బళ్లు అక్కడ పెట్టొచ్చు కదా అన్నాను. ఆర్కిటెక్టు నా వైపు జాలిగా చూశారు. పైన పార్కింగు ఇప్పుడు ప్రపంచంలో ఎవరూ చెయ్యడం లేదన్నారు. యజమాని గారు బ్యాంకాకులో బళ్లు కిందే పెట్టారని సాక్ష్యం చెప్పారు. దాంతో అయిపోయింది. అప్పట్లో ఏలూరులో బట్టలు కొనడానికి జనం సైకిళ్ల మీద, రిక్షాల్లో, బస్సుల్లో వచ్చేవారు. ఆ బస్సు కోసం మేం పన్నెండు అడుగులు తవ్వబోతున్నాం.

ఇక్కడ మన డెల్టా సంగతి ఒకటి చెప్పాలి, దూరం ఊళ్లవాళ్ల కోసం. దాళ్వా, అంటే రెండో వరి పంట, కోతకొచ్చాక, ఏప్రిల్ నడుమ నుంచి జూన్ దాకా, గోదావరి కాలువలకు నీళ్లు ఆపేస్తారు. కాలువలు కట్టేశారు అంటాం. కాలువల మీద పనులేవైనా ఆ రెండు నెలల్లోనే చెయ్యాలి. మా బోటి వాళ్లం ఆ రెండు నెలలు కాలువలో నిలబడి పనిచేసి, మిగతా పది నెలలు ఆ రెండు నెలల గురించి ఉత్తరాలు రాసుకుంటాం. నా అనుభవమంతా అదే.

సాయిల్ టెస్టు కోసం బోర్లు వేయించే పని నాకు అప్పగించారు. నేను మే నెలలో వేయించాను. మే నెలే ఎందుకంటే, జన్మలో నేను ఏ పనైనా మే నెలలోనే మొదలుపెట్టాను కాబట్టి. పైన నల్లరేగడి, దాని కింద సన్నటి ఇసుక పొర, నీటిమట్టం పద్దెనిమిది అడుగుల లోతున ఉందని రిపోర్టు వచ్చింది. పరీక్ష జరిపిన తేదీ అదే కాగితం మీద ఉంది. దాన్ని హైదరాబాదులో డిజైను చేసేవాళ్లు చూశారు, ఆర్కిటెక్టు చూశారు. కాలువలు కట్టేయడమంటే ఏమిటో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. తెలిసినవాణ్ని నేనొక్కణ్ణే. ఆ తేదీ కిందే సంతకం పెట్టాను. కాలువ నిండుగా పారుతున్నప్పుడు దాని పక్క నేల ఎలా ఉంటుందో అప్పటికి చేసిన ఇరవై ఏళ్ల పనిలో నేను ఒక్కసారి కూడా తవ్వి చూడలేదు. ఎండిన నేలను చూసి చూసి, నేలంటే అంతే అనుకున్నాను.

ప్లాన్లకు, అనుమతులకు ఏడాది పట్టింది. మళ్లీ కాలువలు కట్టేసిన వారంలో తవ్వకం మొదలుపెట్టాం. అదీ నా సలహానే.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు కొట్టేయిస్తున్న ఏడాది అది. సరస్సు సరస్సుగా ఉండాలని చేశారు. అది తప్పని నేననను. గట్లు తెగాక చెరువుల మీద బతికేవాళ్లు ఎటు పోవాలో మాత్రం ఎవరి ప్లానులోనూ లేదు. అలా ఒకాయన లంక గ్రామం నుంచి రెండు డీజిలు ఇంజన్లతో మా సైటుకు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఇరవై ఏళ్లుగా చెరువుల్లోకి నీళ్లు తోడటం, చెరువుల్లోంచి నీళ్లు తోడటం ఆయన పని. ఆదివారం ఉదయం చర్చికి వెళ్లే రెండు గంటలు తప్ప సైటు వదిలేవాడు కాదు. మేం ఆయన్ని ఇంజనాయన అనేవాళ్లం.

వచ్చిన రోజున గోతిలోకి దిగి, మట్టి గుప్పిట్లో పట్టి చూశాడు.

"ఇంత పొడిగా ఉందేంటండీ?" అన్నాడు.

కాలువలు కట్టేశారు కదా అన్నాను.

"మరి వదిలాకండీ?"

నీటిమట్టం పద్దెనిమిది అడుగుల లోతున ఉందని రిపోర్టులో వచ్చిందని చెప్పాను. రిపోర్టు ఎప్పుడు తీశారని అడిగాడు. మేలో అన్నాను. "అలాగండి" అన్నాడు. మా వైపు అలాగండి అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఎదుటివాడితో వాదించడం మర్యాద కాదనుకున్నట్టు. అది నాకు తెలుసు. తెలిసీ టీ తాగడానికి వెళ్లాను.

యజమాని గారికి ఆయన పని నచ్చింది. మాల్ అయ్యాక ఇంజన్ల గదిలో నిన్నే పెడతాను, నెల జీతం, యూనిఫాం ఇస్తానని అందరి ముందూ మాటిచ్చారు. ఇంజనాయన ఆ మాట పట్టుకుని పనిచేశాడు. సాయంత్రాలు నాతో ఎప్పుడైనా మాట్లాడితే దాని గురించే. జీతం ఎంతని ఎప్పుడూ అనలేదు. "గట్టు కొట్టేస్తే పోయే పని కాదు గదండి అది" అనేవాడు. ఇంటి దగ్గర భార్య, టీచరు ట్రైనింగు చదువుతున్న కూతురు ఉన్నారు. కూతురు చదువు అయ్యేదాకా తనకు కదలని పని ఒకటి కావాలి. ఆయనకు కావాల్సింది అంతే.

జూన్ నడుమ కాలువలు వదిలారు. అప్పటికి సెల్లార్ అడుగు కాంక్రీటు, చుట్టూ గోడలు అయ్యాయి. పైన ఒక్క అంతస్తు కూడా పడలేదు. ఒక పెద్ద ఖాళీ తొట్టి అనుకోండి. వారం తిరిగేసరికి గోడల బయట తవ్వి ఉన్న కందకంలోకి ఊట మొదలైంది. పద్దెనిమిది అడుగుల కింద ఉండాల్సిన నీళ్లు పన్నెండుకు, ఎనిమిదికి, అయిదుకు వచ్చాయి. కార్లు దిగే రాంపు దగ్గర గోడకు ఖాళీ ఉంది, అక్కడ ఇసుక బస్తాలతో కట్ట వేశాం. ఇంజన్లు రాత్రింబగళ్లు కందకం నీళ్లు తోడి కాలువలో పోస్తున్నాయి. కాలువ ఆ నీళ్లను ఇసుక పొర ద్వారా తిరిగి మాకు పంపుతోంది. నేను ఆర్కిటెక్టుకు ఫోను చేశాను. విదేశాల్లో సముద్రం పక్కనే నాలుగు సెల్లార్లు కడుతున్నారని ఆయన ధైర్యం చెప్పారు.

జులైలో అల్పపీడనం పట్టింది. రెండు రోజులు వాన వదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం ఇంజనాయన నా షెడ్డుకు వచ్చాడు. ఎప్పుడూ లోపలికి రాని మనిషి లోపలికొచ్చి నిలబడ్డాడు.

"ఒకసారి రాండి సార్. రాంపు దగ్గర కాలి వేలు తగిలిందండి" అన్నాడు.

ఆయన రోజూ వట్టికాళ్లతో తిరిగే చోటు అది. రాంపు కింది చివర నేల మీద వేసిన కాంక్రీటు, సెల్లార్ అడుగు కాంక్రీటు అక్కడ కలుస్తాయి. నిన్నటిదాకా సమానంగా ఉన్నాయి. ఇవాళ సెల్లార్ వైపు వేలెడు మందం పైకి ఉంది. లెవెల్ మెషిన్ పెట్టి చూశాను. ఆ మూల లేచింది. లోపల పన్నెండు మంది స్తంభాలకు ఊచలు కడుతున్నారు. వాళ్లను పైకి పంపించేశాను.

నేను అక్కడ కాగితం మీద లెక్క వేస్తుంటే ఇంజనాయన ఓపిగ్గా నిలబడ్డాడు. లెక్క పూర్తి కాకముందే చెప్పేశాడు.

"ఖాళీ దోనె తేలుద్ది గదండి. నీళ్లు పోస్తే కూర్చుంటది."

లెక్కలో కూడా అదే వచ్చింది, కాస్త ఆలస్యంగా. కింద నుంచి నీళ్లు తొట్టిని పైకి తోస్తున్నాయి. ఆపుకోవడానికి పైన బరువు లేదు. ఇంకొంచెం లేస్తే అడుగు చీలుతుంది, గోడలు లోపలికి ఒరుగుతాయి. ఇంజన్లు ఆపి, ఇసుక బస్తాల కట్ట తీసేసి, కందకం నీళ్లను లోపలికి రానిస్తే అన్నీ సమానమై భవనం నిలబడుతుంది. నెల రోజులుగా పొడిగా ఉంచడానికి పాట్లు పడిన దాన్ని మా చేతులతో మేమే ముంచాలి.

ఇబ్బంది ఒకటే. మర్నాడు ఉదయం ఒక పెద్ద బట్టల కంపెనీ వాళ్లు సైటు చూడటానికి వస్తున్నారు. రెండు చివర్ల దుకాణాల్లో ఒక చివర వాళ్లదే. వాళ్లు ఒప్పుకుంటేనే మిగతావాళ్లు వస్తారు. వాళ్లను రైల్లో వెంటబెట్టుకు రావడానికి యజమాని గారు హైదరాబాదు వెళ్లారు. వెళ్లేముందు సెల్లార్ అద్దంలా ఉండాలని నాకు మరీమరీ చెప్పారు. ఆయన ఫోను స్విచ్చాఫ్ ఉంది. ఆర్కిటెక్టు ఫోనులో దొరికారు. ఆయన అంతా విని, కొలతలన్నీ మెయిల్ చెయ్యండి, రెండు రోజుల్లో కన్సల్టెంట్లతో మాట్లాడి చెబుతానన్నారు, అప్పటిదాకా ఏమీ కదపొద్దన్నారు. భవనానికి ఆ సూచన అందినట్టు లేదు. అరగంట తర్వాత మళ్లీ కొలిస్తే మూల ఇంకొంచెం లేచింది.

"ఆపెయ్యి" అన్నాను.

ఇంజనాయన నా మొహంలోకి చూశాడు. "యజమాని గారు ఏమన్నా అంటారేమోనండి" అన్నాడు.

"నేను చెబుతాను. ఆపెయ్యి."

రెండు ఇంజన్లూ ఆపాడు. బస్తాల కట్ట మీద ఎక్కి తనే లాగడం మొదలుపెట్టాడు. "గట్లు కొట్టడం చూసి చూసి ఉన్నాను లెండి, నాకు అలవాటే" అని నవ్వాడు. నేనూ బస్తాలు లాగాను. చీకటి పడేలోగా సెల్లార్లో నీళ్లు మోకాలి లోతు దాటాయి. లెవెల్ పెట్టి చూస్తే మూల దిగడం మొదలైంది.

మర్నాడు ఉదయానికి అయిదడుగుల నీళ్లు నిలిచాయి. ఎవరు దయ తలచారో గాని కప్పలు కూడా చేరాయి. యజమాని గారు, వాళ్లతోనే రైలెక్కి వచ్చిన ఆర్కిటెక్టు, నల్ల బూట్లు వేసుకున్న ముగ్గురు అతిథులు గట్టు మీద వరసగా నిలబడ్డారు. అతిథుల్లో ఒకాయన ఇది స్విమ్మింగు పూలా అని అడిగారు. ఆయన వెటకారం చేయలేదు. ప్రపంచంలో అలాంటి ట్రెండు ఏదైనా ఉందేమోనని నిజంగానే అడిగారు.

యజమాని గారు ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. అప్పుడూ పెంచలేదు.

"ఏవండీ ఇంజనీరు గారూ, ఇంజన్లు ఆపింది ఎవరండీ?" అన్నారు.

అడిగింది నన్ను. అందులో ఎవరికీ సందేహం లేదు. చెప్పడానికి నేను నోరు తెరిచాను కూడా. ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించాను. ఆపమన్నది నేనే అంటే ఎందుకు ఆపమన్నారని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే ఊట గురించి చెప్పాలి, ఊట గురించి చెప్పాలంటే కాలువ గురించి, కాలువ గురించి చెప్పాలంటే బోర్లు వేసిన తేదీ గురించి చెప్పాలి. ఇదంతా అతిథుల ముందు మాట్లాడొచ్చా, పక్కకు పిలిచి చెప్పాలా అని కూడా ఆలోచించాను. చాలా బాధ్యతగా ఆలోచించాను.

"డీజిలు అయిపోయిందండి. నాకు కునుకు పట్టేసిందండి" అన్నాడు ఇంజనాయన. "కట్ట తెగిపోయిందండి."

యజమాని గారు ఆయన వైపు తిరిగారు. "ఏవయ్యా, నీకు మేం ఏం తక్కువ చేశామయ్యా?" అన్నారు. ఆయన తల దించుకున్నాడు. "వెళ్లిపోవయ్యా ఇంక" అన్నారు యజమాని గారు.

నాకు అప్పటికీ సమయం ఉంది. ఆయన ఇంజన్లు లారీకి ఎక్కించుకుంటున్నంతసేపూ ఉంది. పానాలు, క్యారేజీ సంచిలో సర్దుకుంటున్నంతసేపూ ఉంది. నేను అతిథులకు టెక్నికల్ విషయాలు వివరిస్తున్నాను. ఎలాగూ నీళ్లు వచ్చాయి కాబట్టి, పై అంతస్తులు రెండు పడేదాకా వీటిని ఇలాగే ఉంచడం మంచిదని, తోడితే ప్రమాదమని చెప్పాను. అందరూ తలలూపారు. ప్రమాదవశాత్తూ భలే మేలు జరిగిందన్నారు. నిన్నటి ఫోను సంగతి ఆర్కిటెక్టూ ఎత్తలేదు. లారీ కదిలినప్పుడు ఇంజనాయన నాకు నమస్కారం పెట్టాడు. ఎప్పుడూ పెట్టేలాగే పెట్టాడు.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే, లేదా ఊహించుకోగలిగినవే. మాల్ లేచింది. బట్టల కంపెనీ వాళ్లు వచ్చారు. ఇంజన్ల గదిలో యజమాని గారి దూరపు బంధువొకాయన నీలం యూనిఫాం వేసుకుని కూర్చున్నాడు. విజయవాడలో జరిగిన ఒక సెమినారులో ఆర్కిటెక్టు ఆ రోజు ఉదయం తీసిన మా సెల్లార్ ఫొటో చూపించి, భవనం తేలకుండా నీళ్లతో నింపడం ప్రపంచవ్యాప్తంగా అనుసరిస్తున్న పద్ధతి అని వివరించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనున్నాను. ఫొటోలో ఒక మూల ఇంజన్ల మీద ఇంజనాయన ఆరేసిన తువ్వాలు కనపడుతోంది. దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఇంకో రెండు మాల్స్ పని వచ్చింది, ఒకటి తాడేపల్లిగూడెంలో. అక్కడ సెల్లార్ వద్దన్నాను. అనుభవజ్ఞుడని పేరొచ్చింది.

ఏలూరు మాల్‌లో పై అంతస్తు తిండి దుకాణాలు మూడేళ్లలో మూతపడ్డాయి. ఆకలేసినవాళ్లు ఎదురుగా ఉన్న టిఫిన్ బండి దగ్గరికి పోయారు. కరెంటు పోతే కిటికీల్లేని దుకాణాల్లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒకరినొకరు పిలుచుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. సెల్లార్లో ఏటా కాలువలు వదిలాక చెమ్మ. బళ్లన్నీ కళ్లంలో పెట్టుకుంటున్నారు.

సైటు వదిలి వెళ్లిన రెండేళ్లకు, నేను పనిమీద ఆకివీడు వెళ్లినప్పుడు ఇంజనాయన కనపడ్డాడు. చేపల లారీలకు ఐసు కొట్టి నింపే చోట పనిచేస్తున్నాడు. ఇంజన్లు అమ్మేశాడట. కూతురి చదువు ఒక ఏడాది ఆగి, మళ్లీ సాగిందట. టీ ఇప్పించాడు, నన్ను డబ్బులివ్వనివ్వలేదు. ఐసు పట్టిన వేళ్లతో గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు.

"ఆ రోజు నేను చెబుదామనే అనుకున్నానయ్యా" అన్నాను.

"ఎప్పుడండీ?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. మర్యాదగా, తెలుసుకుందామని అడిగాడు. లారీ వాళ్లు పిలిస్తే గ్లాసు పెట్టేసి వెళ్లాడు.

మొన్న వేసవిలో ఆయన పోయాడని ఆలస్యంగా తెలిసింది. పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చి వాళ్లు పెట్టే ఆదరణ కూడికకు వాళ్ల ఊరు వెళ్లాను. చర్చి ముందు పందిరి వేశారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి ఆయన గురించి రెండు మాటలు చెబుతున్నారు. కూతురు ఇప్పుడు బడిలో టీచరు. ఆమె లేచి, నాన్న ఎంత కష్టపడేవాడో చెప్పింది. "ఏలూరులో మాత్రం ఒక్కసారి నిద్రపోయి అంత పెద్ద మాల్‌నీ ముంచేశారండి" అంది. పందిట్లో అందరూ మెల్లగా నవ్వారు. ఆ ఇంట్లో అది ఎప్పటి నుంచో నవ్వుకునే కథ అని అర్థమైంది. ఇంకెవరైనా మాట్లాడతారా అని పాస్టరు గారు అడిగారు. నేను మూడో వరసలో కూర్చునే ఉన్నాను.

భోజనాలయ్యాక ఇంటి వసారాలో ఆయన భార్య ఒక్కతే ఉంటే దగ్గరికి వెళ్లాను. నేనెవరో చెప్పాను. ఏలూరు మాల్ సైటు ఇంజనీరునని కూడా చెప్పాను. కూర్చోండి అంది.

"మీ ఆయన ఆ రోజు నిద్రపోలేదమ్మా" అన్నాను.

"తెలుసండి" అంది.

ఆమే చెప్పింది. "ఇంజను మోగుతుంటేనే నిద్రపోయే మనిషండి ఆయన. ఆగిందంటే లేచి కూర్చునేవారు. ఇంట్లో ఫ్యాను ఆగినా అంతేనండి. ఇంజన్లు ఆగిపోయాయి, నేను నిద్రపోయానంటే ఎలా నమ్ముతామండి? పిల్లది చదువు ధ్యాస, నమ్మేసింది. ఎవరినో కాసుకొచ్చారనుకున్నాను నేను. ఎవరినని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదండి."

అప్పుడు తలెత్తి నా వైపు చూసింది.

"మీరేనాండి?"

"నేనేనమ్మా. ఆపమన్నది నేను. తప్పు కూడా నాదే."

ఆమె కోప్పడలేదు. ఊరుకోండి, అయిపోయిందేదో అయిపోయిందని కూడా అనలేదు. లోపలికి తిరిగి కూతుర్ని పిలిచింది. "అమ్మాయ్, ఇలా రా. ఈయన చెప్పేది నువ్వు వినాలి. పందిట్లో ఉన్నవాళ్లను కూడా పిలువు."

ఆ అమ్మాయి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. వెనకాల ఆరేడుగురు చేరారు. ఎవరో కుర్చీ జరిపారు గాని నేను కూర్చోలేదు. మొదటి నుంచి చెప్పాను.